అమెరికా వలస చట్టాన్ని బిగించాలా, సడలించాలా?

ప్రశ్న ఇది: "అమెరికా వలస చట్టాన్ని ఇంకా బిగించాలా, సడలించాలా?" పదకొండేళ్లు అక్కడ పని చేసి 2024లో మహబూబ్‌నగర్ తిరిగి వచ్చినవాణ్ణి కాబట్టి జవాబు రాస్తున్నాను. ఎంతమందిని రానివ్వాలన్నది రెండో సంగతి. వచ్చినవాడు యజమానిని వదిలి వెళ్లగలడా లేదా అన్నదే మొదటి సంగతి.

మాది మక్తల్ దగ్గర ఊరు. నా చిన్నప్పుడు దసరా దాటగానే గుంపు మేస్త్రీ వచ్చేవాడు. అడ్వాన్సు చేతిలో పెట్టి, నోటుపుస్తకంలో నాయన వేలిముద్ర తీసుకునేవాడు. నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి అమ్మానాయన పుణె పోయేవారు, రేకుల గుడిసెలో ఉండి ఇటుకలు మోసేవారు. అడ్వాన్సు తీరేదాకా ఇంకో మేస్త్రీ ఎక్కువ కూలి ఇస్తానన్నా కదలడానికి లేదు. వలస కూలీల కోసం 1979లోనే చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, దారిఖర్చులు ఇవ్వాలని అందులో ఉండేది. మా ఊళ్లో ఆ చట్టం పేరు విన్నవాడు ఒక్కడూ లేడు.

2023 జనవరిలో డాలస్‌లో నా ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ, అంటే కంపెనీ పేరున వచ్చే ఉద్యోగ వీసా ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా ఇంకో వీసాకు మారాలి, రెండూ కుదరకపోతే దేశం విడవాలి. నా భార్య ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో మార్చి నెల తీసి ఒక తేదీ చుట్టూ ఎర్రగా గీసింది. రోజూ రాత్రి గిన్నెలు కడిగాక ఒక గడి కొట్టేసేది. మా అమ్మాయి పుట్టినరోజు ఆ గీతకు తొమ్మిది రోజుల తర్వాత. "ఫ్రెండ్స్‌ని పిలవనా, వద్దా నాన్నా?" అని అడిగింది. నోట మాట రాలేదు. అప్పటికే సోఫా ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టాను.

ఫోనులో నాయన అంతా విని, "ఒక మేస్త్రీ వద్దంటే ఇంకొకడి దగ్గర చేరతావు. మధ్యలో సర్కారుకు ఏం పని? నువ్వు కూడా అడ్వాన్సు తీసుకున్నావా బిడ్డా?" అన్నాడు. 2015లో కంపెనీ ద్వారా వేసిన గ్రీన్‌కార్డు (అక్కడే స్థిరపడే అనుమతి) దరఖాస్తు గుర్తొచ్చింది. కంపెనీ మారితే ఆ కాగితాలన్నీ కొత్త యజమాని మళ్లీ మొదటి నుంచి నడపాలి. నా వేలిముద్ర అక్కడ పడి ఉంది.

51వ రోజు ఒక కంపెనీ తీసుకుంది, పాత జీతంలో నాలుగోవంతు కోసి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, "మీకింకా ఎన్ని రోజులున్నాయి?"

ఇందులో అమెరికావాళ్లకూ నష్టమే. కదలలేనివాడు తక్కువకు ఒప్పుకుంటే పక్క కుర్చీలో ఉన్న అమెరికన్ జీతం కూడా పెరగదు. ఇరవైమందిని రానివ్వమని ఒకరు, పదిమంది చాలని ఒకరు కొట్టుకుంటారు గానీ ఈ ముడి గురించి ఎవరూ మాట్లాడరు.

ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు భార్యాబిడ్డలతో కలిపి ఏడాదికి దాదాపు 1,40,000. ఆ అంకె 1990 చట్టంలోది. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, ఐస్‌లాండ్‌కూ ఇండియాకూ ఒకటే. నా ఉద్యోగం పోయిన నెలలో ఈబీ-2లో, అంటే పెద్ద చదువులు చదివినవాళ్ల కోటాలో, మనవాళ్ల వరుస 2011 అక్టోబరు దగ్గర ఉంది. అంతకుముందు దరఖాస్తు వేసినవాళ్లకే కార్డు అన్నమాట. మన దగ్గర సంబంధాలు చూసేవాళ్లు మాత్రం అబ్బాయి గుణం అడగరు, "ఐ-140 అయిందా" అని, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్ ఆమోదం అయిందా అని అడుగుతారు!

మనవాళ్ల తప్పులూ ఉన్నాయి. లేని అనుభవం రాయించే కన్సల్టెన్సీలను, ప్రాజెక్టు లేదని జీతం ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టేవాళ్లను మూసేయాల్సిందే. హెచ్‌1బీ వీసాలు లాటరీ తీసి ఇస్తారు, దానికి ఒకే మనిషి పేరున నాలుగైదు దరఖాస్తులు వేయించేవారు. 2024 నుంచి ఎన్ని వేసినా మనిషికి ఒక్క అవకాశమే అన్నారు, అది మంచి పని. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద పెట్టిన లక్ష డాలర్ల రుసుము మాత్రం నిజాయతీ గల కంపెనీనీ దొంగ కంపెనీనీ ఒకే గాటన కట్టింది.

నన్నడిగితే ఐ-140 ఆమోదం కాగానే, కార్డు ఎప్పుడొచ్చినా సరే, ఎక్కడైనా పని చేసుకునే అనుమతి ఇవ్వాలి. ఉద్యోగం పోయాక ఇచ్చే 60 రోజుల గడువును 180 రోజులు చేయాలి. పిల్లలకు 21 నిండగానే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి తప్పించడం ఆపాలి. మా అమ్మాయి 2011లో ఇక్కడే పుట్టింది, రెండేళ్లప్పుడు తీసుకెళ్లాం. దానికి 21 నిండే 2032లోపు గ్రీన్‌కార్డు వరుసలో నా తేదీ వస్తుందని ఏ లాయరూ చెప్పలేకపోయాడు. అది చూసుకునే వచ్చేశాం.