పాత ఎయిర్ రైఫిల్‌లో ఏం మారాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా మిత్రులలో నలుగురి దగ్గర గొట్టం వంచి స్ప్రింగు ఎక్కించే పాతకాలపు ఎయిర్ రైఫిళ్లు ఉన్నాయి. వీటిలో రావలసిన మార్పులను సూచిస్తూ తయారీదారుకు ఉత్తరం రాద్దామనుకుంటున్నాం. ఒకరు శక్తి పెంచమంటారు, ఒకరు గురి చూసే టెలిస్కోపు నిలిచే ఏర్పాటు కావాలంటారు, ఒకరు ట్రిగ్గర్ బాగుండాలంటారు, నాకేమో తుప్పుతోనే పేచీ. దేనిని ముందు రాయమంటారు?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: శక్తి పెంచమన్న కోరికను ఉత్తరంలోంచి కొట్టేయండి. 4.5 మిల్లీమీటర్ల గొట్టంతో, 20 జౌళ్లకు మించని శక్తితో ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. ఆ గీత దాటితే అది వేరే వ్యవహారం. అర గ్రాము పెల్లెట్టు (రైఫిల్‌లో పెట్టే చిన్న సీసపు గుండు) సెకనుకు 280 మీటర్ల వేగం అందుకుంటే చాలు, దాదాపు ఆ గీత దగ్గరకు చేరినట్లే. కాగితపు గురిని పది మీటర్ల దూరంలో కొట్టడానికి అందులో సగం శక్తి కూడా అవసరం లేదు. పైగా స్ప్రింగు బలం పెంచితే గొట్టం వంచడం కష్టమవుతుంది, కుదుపు పెరుగుతుంది, ట్రిగ్గర్ కూడా బరువెక్కుతుంది. మీ మిత్రులలో ఒకరి కోరిక తీర్చబోతే మరో ఇద్దరి ఇబ్బందులు పెరుగుతాయన్నమాట.

ముందు రాయవలసింది ట్రిగ్గర్ గురించే. పాత నమూనాలు చాలావాటిలో, స్ప్రింగు తోపుతో ముందుకు దూకి గాలిని నొక్కే పిస్టన్‌ను పట్టి ఉంచే కొక్కేన్ని ట్రిగ్గర్ నేరుగా లాగుతుంది. స్ప్రింగు తోపు మొత్తం ఆ చిన్న ఉక్కు అంచు మీదే పడుతుంది కనుక, దానిని జార్చడానికి వేలితో గట్టిగా, చాలా దూరం లాగవలసి వస్తుంది. ఆ లాగుడులోనే గురి పక్కకు తొలుగుతుంది. మధ్యలో మరో మీట చేర్చి, రెండు అంచెలుగా పనిచేసేలా, లాగే బరువును ఒక మరతో సవరించుకొనేలా తయారు చేయడం ఎప్పటినుంచో తెలిసిన విద్యే. తయారీదారు ఇంకేమీ మార్చకపోయినా, ఇది ఒక్కటి మారిస్తే అదే రైఫిల్ అదే చేతిలో మెరుగ్గా కొడుతుంది. అయితే ఆ పనిని మీ ఊరి వర్క్‌షాపులో ఆకురాయితో చేయించకండి. కొక్కెం అంచుకు గట్టిదనం పైపొరకే ఉంటుంది. అది అరిగితే లోపలి మెత్తని లోహం బయటపడి, ఏదో ఒక రోజు పెల్లెట్టు పెడుతుండగానే స్ప్రింగు జారుతుంది, వంచిన గొట్టం ఒక్కసారిగా పైకి లేచి వేళ్లను నలిపేస్తుంది. అందుకే గొట్టం పూర్తిగా మూసుకోనిదే ట్రిగ్గర్ కదలకుండా ఆపే తాళాన్నీ, వేలికి అందే చోట ఒక సేఫ్టీనీ ఉత్తరంలో తప్పక కోరండి. ఆ ఏర్పాటు ఉన్నా సరే, పెల్లెట్టు పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని పట్టుకొనే ఉండాలి.

టెలిస్కోపు కోరిక న్యాయమైనదే కాని, దాని వెనుక రెండు చిక్కులున్నాయి. స్ప్రింగు రైఫిల్ రెండు వైపులకూ తన్నుతుంది: పిస్టన్ ముందుకు దూకగానే రైఫిల్ వెనక్కి జరుగుతుంది, పిస్టన్ సిలిండర్ కొసన ఆగగానే ముందుకు కుదుపుతుంది. మామూలు తుపాకుల కోసం చేసిన టెలిస్కోపులు వెనుక తన్నునే తట్టుకుంటాయి కాబట్టి, ఈ ముందు కుదుపుకు వాటి లోపలి అద్దాలు వదులవుతాయి. బిగింపు పట్టీలు గాడిలో కొంచెం కొంచెంగా వెనక్కి పాకుతాయి. సిలిండర్ మీద 11 మిల్లీమీటర్ల గాడి ఒక్కటే చాలదు, పట్టీ జారకుండా ఆపే రంధ్రమో అడ్డుకట్టో కూడా ఉండాలి. రెండో చిక్కు గొట్టం కీలుది. టెలిస్కోపు సిలిండర్ మీద ఉంటుంది, పెల్లెట్టు గొట్టంలోంచి వెళుతుంది. కీలు అరిగి గొట్టం ప్రతిసారీ ఒకే కోణంలో మూసుకోకపోతే ఆ రెండింటికీ పొత్తు కుదరదు. లెక్క చూడండి. కీలు నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గొట్టం కొస అర మిల్లీమీటరు పక్కకు జరిగితే, పది మీటర్ల దూరంలో దెబ్బ 11 మిల్లీమీటర్లు తప్పుతుంది. కీలుకు పిన్ను బదులు బిగించుకోవడానికి వీలున్న బోల్టు, ఇరుపక్కలా పలుచని వాషర్లు, మూసినప్పుడు గట్టిగా కరచుకొనే చీల ఉండాలని రాయండి. టెలిస్కోపు లేకుండా మామూలు సైట్లతోనే (రైఫిల్ మీద ముందూ వెనుకా ఉండే గురి గుర్తులతో) కొట్టేవారికి ఈ బాధ కొంత తక్కువ, అదీ వెనుక సైటు కూడా గొట్టం దిమ్మ మీదే ఉంటే.

ఇక మీ తుప్పు సంగతి. సముద్రపు గాలి తగిలే మన లంకల్లో, చేతి చెమట అంటిన చోట నల్లరంగు పూత మీద ఒక్క రాత్రిలోనే ఎర్రటి వేలిముద్ర తేలుతుంది. దళసరి పూత అడగండి, తుప్పు పట్టని ఉక్కు మరలు అడగండి. దాదాపుగా ఎవరూ అడగనిది మరొకటి ఉంది. మరలు విప్పి స్టాక్‌ను (కొయ్య భాగాన్ని) వేరు చేసి లోపలికి చూస్తే, సిలిండర్ కూర్చొనే గాడిలో కొయ్య పచ్చిగానే ఉంటుంది, పాలిష్ అంతా బయటే. వానాకాలంలో ఆ కొయ్య చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి కుంచించుకుపోతుంది, ఆ రాకపోకలలో మరలు వదులవుతాయి. లోపల కూడా వార్నిషు వేసి, మరలు దిగేచోట లోహపు గొట్టాలు అమర్చడానికి తయారీదారుకు పెద్ద ఖర్చు కాదు. ఈలోగా రైఫిల్‌ను గుడ్డ సంచిలో ఉంచకండి. సంచి చెమ్మను పట్టి ఉంచుతుంది. కొద్దిగా నూనె అద్దిన గుడ్డతో తుడిచి, గాలి ఆడేచోట, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి.

ప్రశ్న: అంతర్వేది తీర్థం మొదలుకొని చుట్టుపక్కల జాతరలన్నిటిలో బెలూన్లు కొట్టే దుకాణం పెడతాను. రోజంతా ఎక్కించీ ఎక్కించీ చెయ్యి పడిపోతోంది. రైఫిల్ కూడా ఒక్క సీజనుకే నీరసపడుతోంది. మా వంటివారి కోసం ఏమైనా మార్పు రాకూడదా?
– ఒక దుకాణదారు, సఖినేటిపల్లి

జవాబు: రావాలి. మీరు కోరవలసింది అమలాపురం మిత్రులు కోరేదానికి సరిగ్గా తలకిందులు. బెలూను పగలడానికి శక్తి అంతగా అక్కర్లేదు కనుక, మెత్తని స్ప్రింగు, కొంచెం పొడవైన గొట్టం ఉన్న నమూనా మీకు మేలు: పొడవైన గొట్టమే పొడవైన మీట. మీ రైఫిల్ నీరసపడేది స్ప్రింగు వల్ల కంటే వాషర్ల వల్లనే కావచ్చు. పిస్టన్ తలకు ఉండేది సైకిల్ పంపులోని తోలు వాషర్ వంటిదే. ఎండితే గాలి పట్టదు. సరైన నూనె ఒకటి రెండు చుక్కలు వేసి, ఒక రాత్రి గొట్టం పైకి ఉండేలా నిలబెడితే తోలు మెత్తబడుతుంది. అంతకు మించి పోస్తే, లోపల నొక్కుకుపోయిన గాలి వేడికి ఆ నూనె అంటుకొని, పెద్ద చప్పుడుతో పొగ వస్తుంది. జనం దాన్ని చూసి రైఫిల్ బలంగా ఉందనుకుంటారు గాని, అది స్ప్రింగునూ వాషర్‌నూ తినేస్తోందన్నమాట. గొట్టం అతుకు దగ్గరి వాషర్‌ను పరీక్షించాలంటే అక్కడ పలుచని కాగితపు ముక్క ఉంచి పేల్చండి; కాగితం ఎగిరితే గాలి అక్కడే పోతోంది. పెల్లెట్టు లేకుండా మాత్రం ఎప్పుడూ పేల్చకండి, పిస్టన్ దెబ్బకు అడ్డంగా నిలిచే గాలి ఉండదు.

బెలూన్లు కట్టే బల్ల చెక్క గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. గట్టి చెక్కకు తగిలిన పెల్లెట్టు వెనక్కి ఎగురుతుంది. బెలూన్ల వెనుక దళసరి గోనె పట్టాను వదులుగా వేలాడదీయండి.

ప్రశ్న: రొయ్యల చెరువు మీద నీటికాకులు, కొంగలు వాలుతున్నాయి. వాటికి సరిపడే శక్తి గల నమూనా తయారు చేయమని కోరవచ్చా?
– ఒక రైతు, భీమవరం

జవాబు: కోరకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ పక్షులను కొట్టడం శిక్షార్హమైన నేరం, రైఫిల్‌కు లైసెన్సు అవసరమా కాదా అన్నదానితో దానికి సంబంధం లేదు. చెరువు మీద వల, అది భారమైతే అడ్డంగా కట్టిన తీగలు, మెరిసే రిబ్బన్లు పనికొస్తాయి.

ప్రశ్న: మా తాతగారి ఎయిర్ రైఫిల్‌తో సాధన చేసి పది మీటర్ల పోటీలకు వెళ్లవచ్చా? దానికి ఏ మార్పులు చేయించాలి?
– ఒక ఇంటర్ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: సాధన మొదలుపెట్టడానికి నిక్షేపంగా పనికొస్తుంది. ఊపిరి నిలపడం, ముందు సైటు మీదే చూపు ఉంచడం, పేల్చాక కూడా కదలకుండా ఉండడం దానితోనే అలవడతాయి. తన్నే రైఫిల్ పట్టులోని తప్పును దాచదు. పోటీ రైఫిల్ వేరు. అందులో స్ప్రింగు ఉండదు, సిలిండర్‌లో నింపిన గాలి పెల్లెట్టును నెడుతుంది, కుదుపు దాదాపు ఉండదు, బరువు 5.5 కిలోలకు మించకూడదు. పది మీటర్ల గురిలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదు వాసి గగన్ నారంగ్ కాంస్యం సాధించినది ఈ విభాగంలోనే. పాత రైఫిల్‌ను ఆ స్థాయికి మార్చబోతే డబ్బు దండగ. రెండు పనులు మాత్రం చేయించండి: అరిగిన వాషర్లు మార్పించండి, స్టాక్ మీకు పొడవైతే వెనుక కొసను మీ చేతి కొలతకు కోయించండి. తాతగారి భుజానికి చేసినది మీ భుజానికి కుదరదు. పెల్లెట్లు చదునైన తల ఉన్నవి కొనండి. అవి కాగితంలో గుండ్రటి రంధ్రం చేస్తాయి కాబట్టి మార్కులు తేటగా తెలుస్తాయి. అవి సీసంతో చేసినవి కనుక, సాధన ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే టిఫిను.