ద్వీపాల్లోని ఫెర్న్‌ల చుట్టరికాన్ని డీఎన్‌ఏతో ఎలా కనిపెడతారు?

హవాయి దీవుల్లో మాత్రమే పెరిగే డీలియా ఫెర్న్‌లనే తీసుకోండి. వీటి సిద్ధబీజాల గుంపులు ఆకు అడుగున, అంచుకు దగ్గరగా ఉంటాయి. ఆ పోలిక చూసి ఒకప్పుడు కొందరు వీటిని లిండ్సేయా ఫెర్న్‌లకు దగ్గరివనుకున్నారు. ఆకారాన్నే నమ్ముకుంటే వచ్చే చిక్కు ఇదే. సంబంధం లేని మొక్కలు కూడా ఒకేలా కనిపించవచ్చు.

అందుకే ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, క్లోరోప్లాస్ట్‌లోని ఆర్‌బీసీఎల్ వంటి జన్యువుల్లో అక్షరాల వరుసను ఇతర ఫెర్న్‌లతో పోలుస్తారు. ఒకే చోట ఒకే రకం మార్పులు ఎన్ని ఎక్కువ ఉంటే అంత దగ్గరి చుట్టాలయ్యే అవకాశం ఉంది. ఇలా చూస్తే డీలియా మొత్తం ఆస్ప్లీనియం అనే పెద్ద ఫెర్న్ ప్రజాతిలోని ఒకే శాఖ అని తేలింది.

శిలాజాల వయసును ఆధారం చేసుకుని 2005లో వేసిన లెక్క ప్రకారం ఈ శాఖ వయసు సుమారు 2.4 కోట్ల ఏళ్లు. కానీ ఇప్పుడున్న పెద్ద హవాయి దీవుల్లో అన్నిటికంటే పాతదైన కవాయి వయసు దాదాపు 50 లక్షల ఏళ్లే! అంటే ఇప్పుడు అరిగి, కుంగిపోయిన పాత ద్వీపాల మీద ఇవి మొదలై, కొత్తవి పుట్టినకొద్దీ వాటి మీదికి చేరి ఉండవచ్చన్నమాట. నాకైతే ఇది నిజంగా అద్భుతం.

ఒక్క జాగ్రత్త. క్లోరోప్లాస్ట్ సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తుంది. ఫెర్న్‌లలో సంకరాలు ఎక్కువ కాబట్టి, తండ్రి ఎవరో తెలియాలంటే కేంద్రకంలోని డీఎన్‌ఏ కూడా చదవాలి.