చలికి కోళ్ళ గూటికి పట్టా చుట్టాలా?

గొల్లపూడిలో ఇంటి వెనక నాటుకోళ్ళు పెంచుతున్నామని, మంచు మొదలైనప్పటి నుంచి తెల్లారేసరికి ఒకట్రెండు ముడుచుకుని కూర్చుంటున్నాయని, గూటికి పట్టా చుట్టి హీటర్ పెట్టాలా అని అడిగారు. హీటర్ వద్దండీ. పట్టా కూడా మొత్తం చుట్టొద్దు.

నీళ్ళు గడ్డకట్టే దేశాల్లో కోడి తురాయి చలికి నల్లబడి చచ్చుపడిపోతుంది, అందుకని వాజిలిన్ రాస్తారు. ఆ వీడియోలు చూసి మనమూ కంగారుపడతాం. ధనుర్మాసమైనా సరే, ఒళ్ళంతా ఈకలున్న పెద్ద కోడికి మన చలి ఒక లెక్క కాదు. దాన్ని పడగొట్టేది చెమ్మ.

మాది దుగ్గిరాల వైపు, కాలవ పక్కనే. నవంబరు వానల మీద మంచు కూడా పట్టిందంటే గూట్లో ఊక ఆరదు, రెట్టతో కలిసి ముద్దవుతుంది. పొద్దున్నే తలుపు తీసి మొహం లోపలికి పెట్టి చూడండి. కళ్ళు మండాయంటే అమోనియా చేరినట్టే. రాత్రంతా ఆ గాలి పీల్చిన కోడికి గురక పట్టుకుంటుంది. అందుకే మేం కోళ్ళు కూర్చునే ఎత్తు వరకే గోనెలు కట్టి, చూరు కింద జానెడు ఖాళీ వదిలి, ముంగిస దూరకుండా సన్న జాలీ కొడతాం. ఊక పిడికిట్లో పిసికితే ఉండ కట్టిందా, ఎత్తి పారబోయడమే.

ముడుచుకున్న కోడి రెట్ట చూడండి. ఆకుపచ్చగా నీళ్ళలా పోతూ మెడ వంకర తిరుగుతుంటే కొక్కెర తెగులేమోనని అనుమానించి, వేరు చేసి పశువుల ఆసుపత్రిలో చెప్పండి. వచ్చాక దానికి మందు లేదు, ముందే టీకా వేయించాలి: వారం వయసులో కంట్లో లసోటా చుక్క, 8 వారాలకి ఆర్‌టూబీ సూది. ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి. ఒక సీసా చాలా కోళ్ళకి వస్తుంది కాబట్టి వీధంతా కలిసి ఒకే పూట వేయించుకోండి. బయట తిరిగే కోళ్ళు పక్కింటి పెంటకుప్ప ఎక్కకుండా ఉంటాయా? సంక్రాంతి ముందు సంతలో కొన్న పుంజుని మాత్రం రెండు వారాలైనా విడిగా ఉంచండి. తెగులు ఊళ్ళోకి దిగేది ఎక్కువగా అలాగే.

కోడిపిల్లల సంగతి వేరు. వాటికి మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. తల్లి ఉంటే అదే చూసుకుంటుంది, లేకపోతే బల్బు. దాని కిందే గుంపుగా నక్కితే చలి, అంచులకి పారిపోతే ఉడుకు.

సాయంత్రం గూడెక్కే ముందు జొన్నలో, మొక్కజొన్న నూకలో కాసిని చల్లండి. గుడ్లు తగ్గాయని బెంగపడకండి, పగలు తగ్గితే పెట్టలు గుడ్లు తగ్గించడం మామూలే.