విశాఖలో ఒక్క పూట: దంపతులు ఏవి చూస్తే బాగుంటుంది?

మధ్యాహ్నం విశాఖలో దిగి, రాత్రి రైలు ఎక్కేలోపు సింహాచలం, కైలాసగిరి, ఋషికొండ, కురుసుర జలాంతర్గామి అన్నీ చూడగలమా అని మీరు అడిగారు. పరుగులు పెడితే చూడవచ్చునేమో గానీ, ఇద్దరూ ఒకచోట కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే తీరిక మిగలదు. నా భార్యతో కలిసి వెళ్లినప్పుడు మేము కైలాసగిరి, రామకృష్ణా బీచ్ మాత్రమే పెట్టుకున్నాము; మీకూ అదే చెబుతాను. సింహాచలం సముద్రానికి దూరంగా, ఊరికి అటువైపు కొండల్లో ఉంది. పైగా అప్పన్న దర్శనానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజు రద్దీని బట్టి ఉంటుంది కనుక, రైలు టికెట్టు జేబులో పెట్టుకుని క్యూలో నిలబడితే మనసు దేవుడి మీద నిలవదు.

కైలాసగిరికి ఎండ తగ్గాక, నాలుగు గంటల ప్రాంతంలో వెళ్లండి. పైకి రోడ్డు ఉన్నా, రోప్‌వే నడుస్తుంటే అందులోనే ఎక్కండి. సముద్రం తూర్పు వైపు ఉండటం వల్ల సూర్యుడు నీళ్లలో కాక వెనుక కొండల్లో అస్తమిస్తాడు. ఇది తెలియక వచ్చి నిరాశపడేవారు ఉంటారు. నా దృష్టిలో అదే మేలు. వెలుతురు మన వీపు వెనుక నుంచి పడుతుంది కనుక కళ్లు చికిలించకుండానే, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా ఒంపు తిరిగిన తీరమంతా, అలల తెల్లని అంచుతో సహా, స్పష్టంగా కనిపిస్తుంది. శివపార్వతుల పెద్ద విగ్రహాల దగ్గర ఫోటోల కోసం జనం గుమిగూడతారు. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు పిల్లల కోసమే అనుకోకండి, మా ఆవిడకు అన్నిటికన్నా నచ్చింది అదే.

చీకటి పడ్డాక రామకృష్ణా బీచ్‌కి దిగి, ఆ ఒడ్డునే ఉన్న కురుసురలోకి వెళ్లండి. లోపల చూసేదానికి పగలైనా రాత్రైనా ఒకటే. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన ఈ జలాంతర్గామిని 2002లో ఒడ్డున ప్రదర్శనశాలగా మార్చారు. దాదాపు 91 మీటర్ల పొడవున్నా లోపల ఒకరి వెనుక ఒకరు నడవవలసిందే. ఒక గదినుంచి మరో గదికి వెళ్లే గుండ్రని ద్వారాల దగ్గర తల వంచి, కాలు ఎత్తి, పక్కకు ఒరిగి దూరాలి. చీర కట్టుకుంటే కొంచెం ఇబ్బందే. సోమవారం మాత్రం సెలవు.

తరువాత ఇసుకలో కూర్చుని మురీ (మరమరాల) మిక్చర్ తినండి గానీ నీళ్లలోకి దిగవద్దు, అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు ప్రమాదకరం. స్టేషన్ దూరమేమీ కాదు, అయినా సాయంత్రాలు జగదాంబ కూడలి వైపు రద్దీ ఎక్కువ కాబట్టి రైలుకు గంట ముందే ఆటో ఎక్కండి.