నాన్నగారి కారు అద్దాలకు యాప్‌లో అప్పా?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారు పోయాక ఆయన 1988 ప్రీమియర్ పద్మిని నాకు వచ్చింది. రాయి తగిలి ముందు అద్దం పగిలింది. తలుపుల అద్దాల నిండా గీతలు, రబ్బరు బీడింగ్ ఎండిపోయి వాన నీళ్లు లోపలికి వస్తున్నాయి. అన్నీ మార్చడానికి 41 వేలు అడిగారు. ముందు అద్దం ఒక్కటే అయితే బీడింగ్‌తో కలిపి 14 వేలు. రెండు నెలల్లో చెల్లి పెళ్లి, ఆ కారులోనే అత్తారింటికి పంపాలని ఉంది. జీతం 52 వేలు, ఇంటి ఈఎంఐ 17 వేలు, ఖర్చులు 25 వేలు, బ్యాంకులో 22 వేలు. ఒక యాప్‌లో 24 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో 60 వేలు ఇస్తామంటున్నారు. పాత కార్ల విలువ పెరుగుతోంది కదా, ఇది పెట్టుబడే అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదండీ. మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది ఈ చివరి మాట కోసమే. ఒకరు పాత బుల్లెట్ అంటారు, ఇంకొకరు పాత జీపు అంటారు. ముచ్చటకు పెట్టుబడి అని పేరు పెట్టి అప్పు తెచ్చేస్తారు. ఆ కారు మీరు అమ్ముతారా? అమ్మరు. మరి ధర పెరిగితే మీ చేతికి వచ్చేదేమిటి? పైగా 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్ వాహనం. మీదానికి 2038 దాకా ఆ హోదా లేదు.

అద్దాలకు కావాల్సింది 41 వేలైతే 60 వేలు ఎందుకు? యాప్ ఇస్తానంది కాబట్టి! నెలకు దాదాపు 3,170 చొప్పున కడితే వడ్డీయే 16 వేలు దాటుతుంది. ముందు అద్దం ఖరీదు కంటే ఎక్కువ. ప్రాసెసింగ్ ఫీజు వేరు. క్రెడిట్ కార్డు బాకీ ఇంకా దారుణం, బంగారం తాకట్టు కాస్త నయం. ఏదైనా ఈ పనికి వద్దు.

నాకు టెన్షన్ పెట్టింది ఆ 22 వేలు. ఇల్లు గడవడానికి నెలకు 42 వేలు కావాలి. అంటే మీ దగ్గరున్నది పదిహేను రోజుల ఖర్చు. ఒక్క నెల జీతం ఆగితే, ఈఎంఐ పోగా మిగిలేది 5 వేలు. వాటితో పిల్లల ఫీజు కడతారా, సరుకులు తెస్తారా? ఆరు నెలల ఖర్చు, అంటే రెండున్నర లక్షలు, విడిగా ఉండాలి. లెక్క ప్రకారం మీకు నెలకు 10 వేలు మిగలాలి. నిజంగా మిగులుతుంటే బ్యాంకులో 22 వేలే ఎందుకున్నాయి? అవి ఎటు పోతున్నాయో ముందు చూడండి. అన్నట్టు, పెళ్లి ఖర్చులో మీ వాటా ఎంతో రాయనే లేదు.

సరే, చెల్లి పెళ్లి ముచ్చట కాదనను. ఈ రెండు నెలలూ 7 వేల చొప్పున పక్కన పెడితే ముందు అద్దం వచ్చేస్తుంది. మిగతా 3 వేలు అత్యవసర నిధికి. ఆ 22 వేలు ముట్టుకోవద్దు. అప్పటిదాకా పగిలిన అద్దంతో కారు బయటకు తీయకండి. తలుపుల అద్దాల గీతలు ఏడాది ఆగినా కొంప మునగదు.

ఒక్క జాగ్రత్త. పాత కార్లలో బీడింగ్ ఊడదీశాక కింద రేకు తుప్పు పట్టి కనిపించడం మామూలే. అప్పుడు టింకరింగ్, పెయింటింగ్ అంటూ బిల్లు పెరుగుతుంది. బీడింగ్ అంచు ఎత్తి చూసి చెప్పమని మెకానిక్‌ని ఇప్పుడే అడగండి. తుప్పు ఎక్కువుంటే పెళ్లికి అద్దె కారు మాట్లాడుకోండి, అప్పు మాత్రం చేయకండి.

ముందు అద్దం లామినేటెడ్‌దే (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నదే) వేయించండి, మూలన ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. మీ బీమా థర్డ్ పార్టీ మాత్రమే, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే అయితే అద్దానికి పైసా రాదు. సొంత నష్టానికీ వర్తించే పాలసీలో సాధారణంగా అద్దాలకు తరుగు (పాతబడినందుకు తగ్గించే మొత్తం) తీయరు, రబ్బరుకు సగం కోస్తారు. కొత్త అద్దం బిగించాక, ఈసారి రెన్యూవల్‌కి మీ కారుకు ఆ పాలసీ ఎంతకు ఇస్తారో రెండు మూడు కంపెనీలను అడగండి.