బోటు బాగుచేయించే డబ్బు వేరు, వానాకాలం తిండి డబ్బు వేరు

ప్రశ్న: మాది ఒడిశా గంజాం జిల్లా రంభ. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. చిలికా సరస్సులో టూరిస్టులను తిప్పడానికి మాకు 28 అడుగుల ఫైబర్ బోటు ఉంది. అది నాన్నగారి నాటిది. కిందటి డిసెంబరులో తొమ్మిది మందితో వస్తుంటే, బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దాటాక డీజిల్ ఇంజన్ ఆగిపోయింది. అప్పటికే గాలి మొదలైంది. గంటన్నర తర్వాత ఇంకో బోటు మమ్మల్ని ఒడ్డుకు లాక్కొచ్చింది. అలాంటి రోజు మళ్లీ రాకూడదని బోటు మొత్తం బాగుచేయించి, వెనక 9.9 హార్స్‌పవర్ చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్ కూడా పెట్టించాలనుకుంటున్నాను. బాడీకి 1,20,000, పాత ఇంజన్‌కు, ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్ట్‌కు కలిపి 60,000, అవుట్‌బోర్డ్‌కు బిగింపుతో సహా 2,10,000, మొత్తం 3,90,000 రూపాయలు అవుతుందన్నారు. బ్యాంకులో 1,60,000 ఉంది, అందులో 1,40,000 తీస్తాను. మా ఆవిడ బంగారం మీద నూటికి రూపాయి వడ్డీకి 1,50,000, తెలిసిన ఫైనాన్స్‌లో నూటికి మూడు చొప్పున లక్ష తెస్తాను. అక్టోబరు నుంచి మార్చి దాకా ఖర్చులు పోను నెలకు సుమారు 40,000 వస్తుంది. మిగతా ఆరు నెలలూ సగటున 4,000. మా ఆవిడ కుట్టుపనితో నెలకు 6,000 తెస్తుంది. ఇంటి ఖర్చు 17,000. ఏప్రిల్‌లో పిల్లలిద్దరి స్కూలు ఫీజు 18,000, బోటు కాగితాలకూ తాళ్లకూ ఏడాదికి 10,000 విడిగా ఉంటాయి. అవసరమైతే బోటు అమ్ముకోవచ్చు కాబట్టి వేరే ఎమర్జెన్సీ ఫండ్ అక్కర్లేదని నా ఉద్దేశం. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: సరైనది కాదండీ. బోటు బాగుచేయించాలన్న ఆలోచన మంచిదే. తొమ్మిది మంది ప్రాణాలతో నీళ్ల మీద గంటన్నర గడిపిన మనిషి రెండో ఇంజన్ కావాలనుకోవడంలో తప్పు లేదు. తప్పంతా డబ్బు తెచ్చే పద్ధతిలో ఉంది. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం, సీజన్ మీద బతికే వాళ్లలో చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. మామిడి తోటల వాళ్లు, పెళ్లిళ్ల టెంట్ హౌస్ వాళ్లు, టూరిస్టు బోట్ల వాళ్లు, అందరిదీ ఒకటే లెక్క. సీజన్ ముగిసిన రోజున బ్యాంకులో కనిపించే సొమ్మును మిగులు అనుకుంటారు. అది మిగులు కాదు.

మీ 1,60,000 సంగతే చూడండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఇంటికి నెలకు 17,000 కావాలి. మీరిద్దరూ కలిపి తెచ్చేది 10,000. నెలకు 7,000 తక్కువ, ఆరు నెలలకు 42,000. దానికి స్కూలు ఫీజు 18,000, బోటు ఖర్చు 10,000 కలపండి. మొత్తం 70,000. ఏ కష్టమూ రాకపోయినా, ఎవరికీ జ్వరం కూడా రాకపోయినా, ఈ 70,000 ఖర్చు కావడం ఖాయం. అంటే అది ఇప్పటికే ఖర్చయిపోయిన డబ్బు. వానాకాలంలో మీ పిల్లలు తినే అన్నం అది. ఏటా వచ్చే వానాకాలాన్ని ఎమర్జెన్సీ అనరు కదా. దాన్ని పక్కన పెట్టాక మిగిలేది 90,000. ఎమర్జెన్సీ ఫండ్ అన్న మాట అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు మీ ప్లాన్ ప్రకారం వెళ్దాం. 1,40,000 తీశాక చేతిలో 20,000 ఉంటుంది. ఏప్రిల్‌లో ఫీజు 18,000, ఇంటి లోటు 7,000, బంగారం వడ్డీ 1,500, ఫైనాన్స్ వడ్డీ 3,000, మొత్తం 29,500. మొదటి నెల గడవకముందే మీకు ఇంకో అప్పు కావాలి. పైగా బోటు ఒడ్డెక్కి మేస్త్రీ చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ నెలకు 4,000 కూడా రావు. ఇంటికి బియ్యం కొనడానికి నూటికి మూడు చొప్పున అప్పు తెచ్చే పరిస్థితిలోకి, ఇప్పుడు ఏ లోటూ లేని మనిషి మీరు, మీ అంతట మీరే నడిచి వెళ్తున్నారు.

ఆ ఫైనాన్స్ గురించి మొహమాటం లేకుండా చెప్తాను. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. లక్షకు 36,000. బంగారం మీద ఇంకో 18,000. రెండూ కలిపి 54,000 వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి తీరదు. మీ సీజన్ రాబడిలో ఇంటి ఖర్చులు, ఖాళీ నెలల లోటు తీసేస్తే ఏడాదికి నికరంగా మిగిలేది 1,04,000. అందులో సగానికి పైగా వడ్డీ. తెలిసినవాళ్ల ఫైనాన్స్ అని రాశారు. తెలిసినవాళ్లయినంత మాత్రాన వడ్డీ తగ్గిందా? తగ్గలేదు. కాగితాలు అడగకుండా ఇస్తారు, అంతే. వడ్డీ ఆగిన రెండో నెలలో వాళ్లు ఇంటి ముందుకొచ్చి కూర్చుంటారు. ఈ అప్పు వద్దు. అడ్వాన్సుగా సంతకాలేమైనా పెట్టి ఉంటే ఈ వారంలోనే వెనక్కి తీసుకోండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టిన మాట, బోటే ఎమర్జెన్సీ ఫండ్ అన్నది. మీకు సీజన్ మొదలయ్యేది ఎప్పుడు? అక్టోబరులో. మన తీరంలో తుపాన్లు వచ్చేది ఎప్పుడు? 2013 అక్టోబరు 12న పైలిన్ మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది, మీకు బేరాలు వచ్చే ఊళ్లలో అదీ ఒకటి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, శ్రీకాకుళంతో పాటు మీ గంజాం, గజపతి జిల్లాలను కూడా ముంచింది. అంటే ఖాళీ నెలలన్నీ గడిచి, చేతిలో డబ్బు అడుగంటి, దసరా బేరాల కోసం ఎదురుచూసే ఆ వారంలోనే మీకు అసలు ప్రమాదం. అప్పుడు బోటు ఎవరు కొంటారండీ? మీకు బేరాలు లేని వారంలో పక్క బోటు వాడికీ ఉండవు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు టూరిస్టు బోటు ఎంతకు అమ్ముడుపోయేదో మీరే ఊహించండి. డబ్బు అవసరమైన రోజునే ధర పడిపోయే వస్తువు ఎమర్జెన్సీ ఫండ్ కాదు. అది అమ్మేస్తే నవంబరులో తినేది కూడా ఉండదు.

పైలిన్ తర్వాత నా దగ్గరకు వచ్చిన ఒక బోటు యజమానిని నేను మరిచిపోలేను. ఆ సెప్టెంబరులోనే ఇంట్లో ఉన్నదంతా పెట్టి, భార్య బంగారం కూడా తాకట్టు పెట్టి బోటుకు కొత్త అడుగుభాగం వేయించుకున్నాడు. తుపాను ముందు రోజు నలుగురితో కలిసి బోటును లోపలికి లాగి కట్టేశాడు, దానికి గీత కూడా పడలేదు. కానీ ఆ సీజన్‌లో బేరాలు లేవు. ఇంట్లో 10,000 కూడా లేకపోవడంతో బంగారం వడ్డీ ఆగింది, చివరికి అది వేలానికి పోయింది. బోటు చెక్కుచెదరలేదు, భార్య నగలు పోయాయి. అతనికి నాలుగు నెలల ఖర్చు విడిగా ఉండి ఉంటే ఆ నగలు ఇవాళ్టికీ ఇంట్లో ఉండేవి.

అందుకని మొదటి పని ఇదీ. 70,000 ఖాళీ నెలలకు ఒక ఖాతాలో. 68,000, అంటే నాలుగు నెలల ఇంటి ఖర్చు, మీ శ్రీమతి గారి పేరు మీద వేరే బ్యాంకు ఖాతాలో. దాన్ని రెండు మూడు చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా చేసుకుంటే, కొంచెం అవసరానికి మొత్తం విరగ్గొట్టాల్సిన పని ఉండదు. ఈ 68,000ను చీటీలో వేయవద్దు, ఊళ్లో వడ్డీకి తిప్పవద్దు, బోటు మేస్త్రీకి అడ్వాన్సుగా అసలే వద్దు. అక్టోబరు 1వ తేదీ ఉదయం ఆ డబ్బు కదలకుండా అక్కడ ఉండాలి. వచ్చే రెండు సీజన్లలో దాన్ని ఆరు నెలలకు పెంచాలని నా కోరిక. జీతగాడికి మూడు నెలలు సరిపోవచ్చు, మీకు సరిపోదు. ఒక సీజన్ పోతే మీకు మళ్లీ రాబడి మొదలయ్యేది ఏడాదికి కదా.

అవి రెండూ పక్కన పెడితే 22,000 మిగులుతుంది. దాంతో బోటు ఎలా అని అడుగుతారు. ఛత్రపురం వైపు ఫైబర్ బోట్లు బాగుచేసే ఒక మేస్త్రీతో మీ ఎస్టిమేట్ గురించి మాట్లాడాను. ఆయన మొదట అడిగింది, ఆ రోజు ఇంజన్ ఎందుకు ఆగిందని. మీరు ఆ సంగతి రాయలేదు. డీజిల్‌లో నీళ్లు కలిశాయా, ఫిల్టర్ పూడుకుపోయిందా, కూలింగ్ నీళ్లు ఆగి వేడెక్కిందా? ఇవన్నీ కొన్ని వేలతో తేలే జబ్బులు. కారణం తెలియకుండా రెండో ఇంజన్ కొంటే మొదటిది మళ్లీ ఆగుతుంది.

రెండో మాట బోటు వెనక పలక గురించి. అవుట్‌బోర్డ్ బిగించేది దానికే. పాత ఫైబర్ బోట్లలో ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. పాత బోల్టుల కన్నాల నుంచి నీళ్లు దిగి అది లోపలే కుళ్లుతుంది, పైకి రంగు బాగానే కనిపిస్తుంది. చిన్న సుత్తితో వరసగా కొట్టి చూడమన్నారు ఆయన. గట్టిగా టక్‌మంటే మంచిది, మెత్తగా మొద్దుగా పలికిన చోట చెక్క పోయినట్టే. 9.9 ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ సుమారు నలభై కిలోలు ఉంటుంది. కుళ్లిన పలకకు దాన్ని తగిలించి అలల్లో తిప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అవుట్‌బోర్డ్ షాఫ్ట్ ఎంత పొడవుండాలో కూడా కొలిపించండి. వెనక పలక ఎత్తుగా ఉన్న బోటుకు 15 అంగుళాల పొట్టి షాఫ్ట్ ఇంజన్ తెస్తే, అల లేచినప్పుడల్లా ప్రొపెల్లర్ గాలిలో తిరుగుతుంది. 20 అంగుళాలది ఎక్కువ బోట్లకు సరిపోతుంది గానీ, మీ బోటును కొలిచే కొనాలి. ఇంకో మంచి సంగతి కూడా చెప్పారు. అవుట్‌బోర్డ్‌కు పెట్రోలు ట్యాంకు వేరుగా ఉంటుంది కాబట్టి, డీజిల్ పాడైనా రెండు ఇంజన్లూ ఒకేసారి ఆగవు. కాకపోతే దాన్ని పదిహేను రోజులకోసారైనా నడపాలి, చిలికా ఉప్పునీళ్ల తర్వాత మంచినీళ్లతో కడగాలి. నెలల తరబడి వాడకుండా ఉంచితే అవసరమైన రోజున స్టార్ట్ కాదు. ఆ పోషణ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా లేదు.

నేనైతే ఇలా చేస్తాను. ఈ ఏడాది ఇంజన్, షాఫ్ట్ పని 60,000. బాడీ పనిలో అడుగుభాగం, వెనక పలక మాత్రమే, సుమారు 50,000. పైకప్పు, సీట్లు, రంగులు ఆగాలి. మొత్తం 1,10,000. మీ దగ్గరున్న 22,000 పోను 90,000 బంగారం మీద తీసుకోండి, అదీ ఇప్పుడు కాదు, జులైలో. బ్యాంకులోనే తాకట్టు పెట్టండి. జనవరిలో తీర్చేస్తే వడ్డీ 5,400 దాటదు. సీజన్‌లో ఇంటి ఖర్చు పోను మీకు 1,74,000 మిగులుతుంది. అప్పు తీర్చాక 78,600 ఉంటుంది, అందులో వచ్చే ఏడాది ఖాళీ నెలల 70,000 వెళ్లిపోతుంది. ఒకవేళ అక్టోబరులో తుపాను వచ్చినా, 90,000కు వడ్డీ నెలకు 900. 68,000 చేతిలో ఉన్న ఇల్లు దాన్ని మోయగలదు. మీ ప్లాన్‌లోని 4,500ను మోయలేదు. బోటు విప్పాక పని పెరగడం మామూలే, అప్పుడు బంగారం మీద ఇంకో 20,000 వరకు సరే. 68,000లో నుంచి ఒక్క రూపాయి కూడా కాదు.

అవుట్‌బోర్డ్ ఆ తర్వాతి సీజన్ డబ్బుతో. వచ్చే ఏడాది కాదు, ఆపై ఏడాది. అప్పుడు చేతిలో లక్ష ఉంటుంది, మిగతాదానికి చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర పథకంలో కిశోర్ రకం రుణం అడగవచ్చు, కిస్తీలు సీజన్ నెలల్లో పడేలా రాయించుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే బిల్లు లేనిది ముట్టుకోవద్దు. కొత్త ఇంజన్ బిగించాక బోటు రిజిస్ట్రేషన్‌లో దాన్ని చేర్పించండి, కాగితాల్లో లేని ఇంజన్‌తో బీమా క్లెయిమ్‌కు వెళ్తే చిక్కు.

బీమా సంగతి. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా బ్యాంకులోనే దొరుకుతాయి, మీరిద్దరూ ఈ నెలలోనే చేరండి. ప్రయాణికులకు వర్తించే బీమా మీ బోటుకు ఉందో లేదో రాయలేదు, లేకపోతే సీజన్‌కు ముందే తీసుకోవాలి. 

రెండో ఇంజన్ వచ్చేలోపు ప్రాణభయం మాటేమిటంటారా? మంచి లంగరు, దానికి పొడవైన తాడు, రెండు గట్టి వెదురు గెడలు, ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఒంటి మీద లైఫ్ జాకెట్, బయల్దేరే ముందు పక్క బోటు సరంగుకు ఫోన్ చేసి ఎటు వెళ్తున్నారో చెప్పే అలవాటు. బోటు ఖర్చుకు పెట్టుకున్న ఆ 10,000లో తాళ్లూ గెడలూ వచ్చేస్తాయి. జాకెట్లు చాలకపోతే రంగుల పని ఇంకా వెనక్కి జరపండి, జాకెట్లు మాత్రం సెప్టెంబరులోపే కొనండి.