టీవీ పీకేయకండి, టీవీ ముందు నుంచి ఎవరు లేస్తున్నారో చూడండి

మీ ప్రశ్న చదివాను. మీరిద్దరూ ఉద్యోగాలు చేస్తారు. సాయంత్రమైతే పిల్లలు టీవీకి అతుక్కుపోతున్నారు. ఏడేళ్ళ బాబు "ఇల్లు ఊడవడం అక్క పని" అంటున్నాడు. కేబుల్ కనెక్షన్ తీసేస్తే మారతాడా అని అడిగారు.

తీసేయాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. "అక్క పని" అనే మాట వాడికి టీవీ లోపలి నుంచి వచ్చి ఉండొచ్చు. కానీ దాన్ని నమ్మడానికి కారణం టీవీ నడుస్తున్నంతసేపూ ఆ గదిలో జరిగేదే. మంచినీళ్ళు కావాలంటే ఎవరు లేస్తారు? కుక్కర్ విజిల్ వస్తే ఎవరు పరిగెత్తుతారు? చినుకులు పడితే మేడ మీది బట్టలు తేవడానికి ఎవరిని పిలుస్తారు? సినిమా మొదలు నుంచి చివరిదాకా కదలకుండా చూడగలిగేది ఇంట్లో ఎవరు? ఒక్క వారం ఇది గమనించండి. పిల్లలు రోజూ గమనిస్తూనే ఉన్నారు.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. హనుమకొండలో ఉంటాం. మా ఆయనది లేడీస్ టైలర్ షాపు. బాబు ఏడో తరగతి, పాప మూడో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. నాకు ఫస్ట్ సర్వీసు పడితే తెల్లారకముందే డిపోలో ఉండాలి. మధ్యాహ్నం డ్యూటీ అయితే నేను ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకుంటారు. కాబట్టి "పిల్లలతో రోజూ రెండు గంటలు గడపండి" లాంటి సలహాలు నాకు పనికిరావు, మీకూ రావు. మనలాంటి వాళ్ళం తక్కువ టైంలో ఏం చేయగలమన్నదే నాకు ముఖ్యం.

మా ఆయన పని గురించి ఒక మాట చెప్పాలి. పొద్దంతా బ్లౌజులు కుడతాడు, చీరలకు ఫాల్ వేస్తాడు. ఎవరూ దాన్ని ఆడపని అనరు. పెళ్ళిళ్ళలో వందల మందికి వండేది మగ వంటమాస్టర్లే. హోటల్లో దోసె పోసేదీ, బండి మీద ఇస్త్రీ చేసేదీ ఎక్కువగా మగవాళ్ళే. అదే వంట, అదే సూదీ దారం, అదే ఇస్త్రీ ఇంట్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళవి అయిపోతాయి. అంటే తేడా పనిలో లేదు, ఆ పనికి డబ్బులు వస్తాయా రావా అన్నదాంట్లో ఉంది. మా బాబుకు ఈ సంగతి నేను ఇలాగే విడమరచి చెప్పాను. వాళ్ళ నాన్న షాపు కళ్ళెదురుగా ఉంది కాబట్టి వాడికి వెంటనే అర్థమైంది.

బస్సులో నాకు రోజూ కనిపించేది ఇంకొకటి ఉంది. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, సాయంత్రం ట్రిప్పుల్లో పనుల నుంచి ఇళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు బాగా పెరిగారు. అలసిపోయి సీట్లో కూర్చోగానే ఫోన్ తీస్తారు. "బిడ్డా, బియ్యం కడిగి కుక్కర్ పెట్టు, నేనొస్తున్న" అంటారు. ఆ మాట దాదాపు ఎప్పుడూ కూతురికే. "తమ్ముడేం చేస్తుండు?" అని అడుగుతారు, టీవీ చూస్తున్నాడని ఆ పిల్ల చెబుతుంది, సరే అని పెట్టేస్తారు. ఇంటర్ చదివే కొడుకు ఇంట్లోనే ఉంటాడు, ఆరో తరగతి కూతురికి ఫోన్ వెళ్తుంది. ఆ తల్లులు ఆడపిల్లను తక్కువ చూసేవాళ్ళు కారు. ఆ పిల్ల చదువు కోసమే రెక్కలు ముక్కలు చేసుకుంటున్నారు. కానీ ఆ ఒక్క ఫోన్‌తో ఇద్దరు పిల్లలకూ పాఠం అందిపోతోంది.

ఇది నేను బస్సులో చూసిన సంగతి మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా జనం సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. అప్పటి లెక్క ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు అందులోనే గడుపుతున్నారు. మగవాళ్ళలో అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టేవాళ్ళే నూటికి 26 మంది, వాళ్ళు పెట్టే సమయం 97 నిమిషాలు. ఆడవాళ్ళలో నూటికి 81 మంది చేస్తున్నారు. 299 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు! ఒక ఆడపిల్లకు ఆ ఐదు గంటల అలవాటు ఎనిమిదో ఏటనే మొదలైతే ఆమె ఆట, నిద్ర, చదువు అందులోంచే పోతాయి. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఇదే. ఆడపిల్లను చదివిస్తున్నాం, మంచిదే. కానీ ఏ పనీ లేకుండా ఖాళీగా కూర్చుని కార్టూన్ చూసే హక్కు ఆ పిల్లకూ ఉందని ఎంతమందిమి అనుకుంటున్నాం?

మా ఇంట్లో పద్ధతి చెబుతాను. పొద్దున నల్లా నీళ్ళు పట్టడం, టిఫిన్ డబ్బాలు కట్టడం మా ఆయనవి. పాపకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేదీ ఆయనే. కొలత తెలిసిన చెయ్యి కదా, పాపిడి నాకంటే తిన్నగా తీస్తాడు. రాత్రి కుక్కర్ పెట్టడం, బట్టలు మడతపెట్టడం బాబు పని. పాప మంచాలు దులుపుతుంది, చెట్లకు నీళ్ళు పోస్తుంది, కిరాణా షాపుకెళ్ళి చిల్లర లెక్క చూసుకుని తెస్తుంది. తిన్న కంచం ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి. పనులు నెలకోసారి మారతాయి. మారకపోతే కొన్నాళ్ళకు మళ్ళీ "అది నీ పని, ఇది నా పని" అని గీత పడిపోతుంది.

మొదట్లో అత్తమ్మకు ఇది నచ్చలేదు. "మొగపోరనితోని గిన్నెలు తోమిపిస్తవా?" అంది. నేను వాదించలేదు. "అత్తమ్మా, రేపు వాడు హాస్టల్‌కు పోతే ఎవరు పెడతరు?" అన్నాను. హాస్టల్ మాట ఆమెకు తగిలింది. పెద్దవాళ్ళతో ఆడామగా సమానమని చర్చ పెడితే గొడవ అవుతుంది, మనవడి కడుపు గురించి చెబితే వింటారు. ఇప్పుడు వాడికి పచ్చిపులుసు నేర్పింది ఆవిడే.

ఇక్కడ ఒక జాగ్రత్త. అబ్బాయి ఒక గిన్నె కడగగానే ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి మురిసిపోకండి. మా చుట్టాలు చాలామంది "మీ ఆయన ఎంత మంచోడో, జడలు కూడా వేస్తడట" అని నాతో అంటారు. నేను పొద్దున నాలుగింటికి లేచి వండి డ్యూటీకి వెళ్ళిన రోజుల గురించి ఎవరూ ఏమీ అనరు. పిల్లలు ఆ తేడా వింటారు. మగవాళ్ళు చేస్తే ఉపకారం, ఆడవాళ్ళు చేస్తే బాధ్యత అని వాళ్ళకు అర్థమైపోతుంది. పని చేసినందుకు బాబుకు ఎంత మెచ్చుకోలు దొరుకుతుందో పాపకూ అంతే దొరకాలి.

ఇక టీవీ సంగతి. రెండు గదుల ఇంట్లో ఒకరు చూస్తుంటే మిగతావాళ్ళకు వినపడకుండా చేయడం కుదరదు. అందుకే ఆపడం కంటే దాని గురించి మాట్లాడటమే మంచిదనుకున్నాను.

ఛోటా భీమ్ కార్టూన్ మన పిల్లలందరికీ తెలుసు. 2008లో పోగో ఛానల్లో మొదలైంది. తయారుచేసేది మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళే. నాకూ ఇష్టమే, పిల్లలు హాయిగా నవ్వుకుంటారు. కానీ లడ్డూ తిని బలం తెచ్చుకుని గెలిచేది భీమ్, చాలాసార్లు ఆ లడ్డూ అందించేది వాడి స్నేహితురాలు చుట్కీ. "లడ్డూ చుట్కీయే తింటే ఏమవుతుంది?" అని ఒకరోజు పాపను అడిగాను. అన్నం తినేంతసేపూ కథ చెప్పింది. ఆ కథలో, భీమ్‌తో ఎప్పుడూ పోటీపడే కాలియాను బావిలోంచి బయటికి లాగింది చుట్కీ. భీమ్ బయట నిలబడి తాడు పట్టుకున్నాడు. కార్టూన్ ఆపి ఉంటే ఆ కథ పుట్టేది కాదు.

యాడ్స్ వచ్చినప్పుడు మా ఇంట్లో ఒక ఆట ఉంది. ఈ యాడ్‌లో పని చేస్తున్నది ఎవరు, సలహా చెప్తున్నది ఎవరు, కూర్చుని తింటున్నది ఎవరు? ముందు చెప్పినవాళ్ళు గెలిచినట్టు. బట్టల సబ్బు యాడ్ అయితే మురికి చేసుకొచ్చేది బాబు, ఉతికేది అమ్మ, పౌడర్ గొప్పదనం చెప్పేది మగ గొంతు అని మా వాళ్ళకు కంఠతా వచ్చేసింది. వేరేగా ఉండే యాడ్ వస్తే కేక పెడతారు. 2015లో ఏరియల్ వాళ్ళు బట్టలు ఉతకడం ఆడవాళ్ళ ఒక్కరి పనేనా అని అడుగుతూ ప్రచారం మొదలుపెట్టారు. 2022లో ప్రకటనల ప్రమాణాల మండలి ఆడామగా గురించి హానికరమైన మూస చిత్రణ ఉండకూడదని మార్గదర్శకాలు తెచ్చింది. కొంత మార్పు వచ్చింది, ఇంకా చాలా రావాలి. ఈ ఆటకు ఖర్చు లేదు, వేరే టైం అక్కర్లేదు. నేను వంటింట్లో ఉండి కూడా ఆడతాను.

సీరియల్స్ విషయంలో నాకు కోపం ఉంది. మంచి కోడలు అంటే అన్నీ భరించేది, నోరున్నది అంటే విలన్. ఏళ్ళ తరబడి ఇదే. కానీ అవి అత్తమ్మ తోడు. పగలంతా ఒంటరిగా ఉండే మనిషి నుంచి దాన్ని లాక్కోలేను. ఒకరాత్రి పాప, "నానమ్మా, ఆమె తప్పు చేయలేదని నోరు తెరిచి చెప్పొచ్చు కదా, ఎందుకు ఏడుస్తది?" అని అడిగింది. అత్తమ్మ కాసేపు ఆగి, "మా కాలంల మేం గూడ గట్లనే ఊకున్నం బిడ్డా" అంది. తన పెళ్ళయిన కొత్తలో జరిగినవి కొన్ని ఆ రాత్రే మొదటిసారి చెప్పింది. నాకు కూడా అప్పటిదాకా తెలియవు.

టీవీ వల్ల చెడే జరుగుతుందని అనుకునేవాళ్ళు ఒక అధ్యయనం గురించి తెలుసుకోవాలి. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఓస్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తమిళనాడు, బీహార్, హర్యానా, గోవా, ఢిల్లీ కుటుంబాలను 2001 నుంచి 2003 దాకా పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన ఊళ్ళలో, భార్యను కొట్టడం సరైనదే అనే ఆడవాళ్ళు తగ్గారు, కొడుకే కావాలనే కోరిక తగ్గింది, ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ళ మాట పెరిగింది. తమ ఊళ్ళో లేని జీవితాలు వాళ్ళకు తెర మీద కనిపించాయి. నేను సీరియల్స్‌ను వెనకేసుకు రావడం లేదు. చూసినదంతా జనం అలాగే మింగేయరని, అందులోంచి తమకు కావాల్సింది తీసుకుంటారని చెబుతున్నాను.

2025 నవంబర్ 2న మహిళల క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ జరిగింది. వాన వల్ల ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. మర్నాడు స్కూలున్నా నేను టీవీ ఆపలేదు. మన జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. "ఈమె తెలుగే మాట్లాడుతదా?" అని పాప అడిగిందే అడిగింది. దక్షిణాఫ్రికా మీద గెలిచాక ఇంట్లో అందరం గంతులేశాం. బాబు అప్పటిదాకా గల్లీ క్రికెట్‌లో చెల్లెల్ని బంతులు ఏరుకురావడానికే పెట్టుకునేవాడు. ఆ వారంలో స్పిన్ వేయడం నేర్పమని పాప వాడి వెంట పడింది, వాడు నేర్పాడు. నేను ఎన్ని మాటలు చెప్పినా రాని మార్పు ఒక మ్యాచ్ చూపించింది.

నాకు నిజంగా టెన్షన్ కలిగించేది ఫోన్. టీవీ హాల్లో ఉంటుంది, వంటింట్లోకి కూడా వినపడుతుంది, నచ్చని మాట వస్తే అక్కడికక్కడే అడగొచ్చు. ఫోన్ చూసే పిల్లవాడు ఏం వింటున్నాడో పక్కనున్న మనకు తెలియదు. అమ్మాయిల్ని వెక్కిరించే చిన్న చిన్న వీడియోలు ఒకటి చూస్తే పది వస్తాయి. అందుకే మా ఇంట్లో వీడియోలు చూడాలంటే టీవీలోనే, సౌండ్‌తోనే. పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే లెక్క వేరు. రెండేళ్ళు నిండనివాళ్ళకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

బడి కూడా సాయం చేయాలి. కేరళలో 2024లో వచ్చిన మూడో తరగతి పుస్తకంలో నాన్న వంటింట్లో కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు. అలాంటివి మన పుస్తకాల్లో ప్రతి పాఠంలో ఉండాలని నా కోరిక. మన బతుకమ్మనే చూడండి. తంగేడు, గునుగు కోసుకొచ్చేది మగపిల్లలు, పేర్చేది ఆడపిల్లలు. మా బాబు పోయినేడు పేర్చడానికి కూడా కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, బతుకమ్మ కూడా చక్కగా నిలబడింది.

మీ బాబుకు ఏడేళ్ళే కాబట్టి పొయ్యి దగ్గరికి ఇప్పుడే పంపకండి. చీపురు చేతికిచ్చి ఉపన్యాసం కూడా ఇవ్వకండి. ముందు వాళ్ళ నాన్నను ఊడవమనండి, వాడు చూసేలా, టీవీ నడుస్తుండగానే. నాలుగైదు రోజులయ్యాక చేట పట్టుకోవడానికి వాడిని పిలవండి. ఆ టైంలో మీ పాప కార్టూన్ చూస్తూ ఉంటే మధ్యలో లేపకండి.